ఆఫీసరు చూస్తే సరే... ఊరంతా ఎందుకు చూడాలి?

డీఎస్-160 ఫారాన్ని ఎప్పుడైనా మొదటి నుంచి చివరి దాకా చదివారా? అమెరికా వెళ్లేవాళ్లలో చాలామంది చదవరు. కన్సల్టెన్సీ వాళ్లే నింపేస్తారు, మనం కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్ తీసుకుని ఫైల్లో పెట్టుకుంటాం. ఈసారి మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగి చూడండి. గత ఐదేళ్లలో మీరు వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ రాయమంటుంది. ఐదేళ్లుగా వాడిన ఫోన్ నంబర్లు, ఈమెయిల్ అడ్రసులు కూడా అడుగుతుంది. 2019 మే 31 నుంచి దాదాపు అన్ని రకాల వీసాలకూ ఇది తప్పనిసరి. తమాషా ఏంటంటే అప్పుడిచ్చిన జాబితాలో వైన్, గూగుల్ ప్లస్ కూడా ఉన్నాయి. అవి రెండూ అప్పటికే మూతపడ్డాయి.

2025లో ఇంకో అడుగు పడింది. చదువుకో, ఒకేషనల్ కోర్సుకో, ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంకో ఎఫ్, ఎం, జె వీసాల మీద వెళ్లేవాళ్లు తమ సోషల్ మీడియా ప్రొఫైళ్లన్నీ ‘పబ్లిక్’ చేయాలని జూన్ 18న అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి ఉద్యోగులకూ, వాళ్లతో హెచ్-4 మీద వెళ్లే భార్య లేదా భర్తకూ, పిల్లలకూ అదే రూలు. మీరు బీటెక్ కాగానే ఎంఎస్‌కు వెళ్లినా, నాలుగేళ్లు ఇక్కడ పనిచేశాక కంపెనీ హెచ్-1బి వేసినా ఈ గేటు దాటాల్సిందే.

ఇక్కడే నాకు ఒక విషయం ఆశ్చర్యంగా అనిపిస్తుంది. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు, అంటే అప్పటి లెక్కన దాదాపు 88 లక్షల రూపాయలు, మన టీవీల్లో రోజుల తరబడి చర్చలు నడిచాయి. ప్రతి ఇంట్లో అదే మాట. ప్రొఫైల్ మొత్తం తెరిచి పెట్టమన్నప్పుడు మాత్రం మనవాళ్ల నోట వచ్చింది ఒకే మాట: ‘ఏముందిలే, మన దగ్గర దాచుకోవాల్సిందేముంది?’ ఫీజు కంపెనీ జేబులోంచి పోయేది. ఇది మనది. పైగా మనది ఒక్కరిదే కాదు కూడా.

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పేస్తా. తన దేశంలోకి ఎవరు వస్తున్నారో చూసుకునే హక్కు అమెరికాకు ఉంది. మనకూ ఉంది, అందరికీ ఉంది. వీసా ఇవ్వడం వాళ్లిష్టం. భద్రత పేరుతో అడిగే ప్రతి ప్రశ్నా కుట్రే అని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. తనిఖీ ఎందుకు మొదలైందో తెలిస్తే మీరూ ఏకీభవించరు.

2001 సెప్టెంబర్ 11 దాడులు చేసిన 19 మందీ వీసాలతోనే అమెరికాలో అడుగుపెట్టారు. వాళ్లలో ఒకడు వచ్చింది స్టూడెంట్ వీసా మీద. ఇంకా దారుణం ఏమిటంటే, దాడి జరిగిన ఆరు నెలలకు, 2002 మార్చిలో, ఫ్లోరిడాలోని ఒక విమాన శిక్షణ స్కూలుకు ఇమిగ్రేషన్ శాఖ నుంచి ఉత్తరాలొచ్చాయి. మహమ్మద్ అట్టా, మార్వాన్ అల్ షెహీలను స్టూడెంట్ హోదాకు మార్చడానికి అనుమతించామని వాటిలో ఉంది. ఆ ఇద్దరూ విమానాలతో సహా వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ను ఢీకొట్టి చనిపోయిన సంగతి ప్రపంచమంతా ఎరుగు. ఒక శాఖ ఫైలు ఇంకో శాఖకు తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. విదేశీ విద్యార్థుల వివరాలను ఆన్‌లైన్‌లో ట్రాక్ చేసే సెవిస్ వ్యవస్థ 2003లో అమల్లోకి రావడం వెనుక ఉన్న కారణాల్లో ఈ పరువు నష్టం కూడా ఉంది. మీ ఐ-20 మీద ఉండే సెవిస్ నంబర్ అదే.

కాబట్టి తనిఖీ ఉండాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. ఎంతవరకు, ఎవరి కళ్లకు, ఎన్నాళ్లు అన్నదే.

డేటాబేస్‌ను ఎవరైనా ఇలా తెరుస్తారా?

మీలో కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఎక్కువే ఉంటారు కాబట్టి ఇలా అడుగుతా. మీ కంపెనీ డేటాబేస్‌ను ఒక ఆడిటర్ చూడాలి. మీరేం చేస్తారు? ఆయన పేరు మీద ఒక లాగిన్ క్రియేట్ చేస్తారు. చూడటమే తప్ప మార్చలేకుండా రీడ్-ఓన్లీ ఇస్తారు. అవసరమైన టేబుళ్లే కనిపించేలా చేస్తారు. పదిహేను రోజుల తర్వాత ఎక్స్‌పైర్ అయ్యేలా పెడతారు. ఎప్పుడు లాగిన్ అయ్యాడో, ఏం చూశాడో లాగ్‌లో ఉంటుంది. దీన్నే లీస్ట్ ప్రివిలేజ్ అంటాం, ఇంటర్వ్యూల్లో అడుగుతారు కూడా. అంతేగానీ ‘ఆడిటర్ గారు వస్తున్నారు’ అని పాస్‌వర్డ్ తీసేసి డేటాబేస్‌ను ఇంటర్నెట్ మీద పెట్టేస్తే ఆ సాయంత్రమే మీ ఉద్యోగం ఊడుతుంది.

ప్రొఫైల్‌ను పబ్లిక్ చేయమనడం సరిగ్గా ఇదే. చూడాల్సింది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనో చెన్నైలోనో కూర్చున్న కాన్సులర్ ఆఫీసరు. తెరుచుకునేది మాత్రం ప్రపంచం మొత్తానికి.

ఇది అబ్బాయిలకు అంత తేలిగ్గా తట్టదు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ప్రైవేట్‌లో పెట్టుకున్న మీ క్లాసు అమ్మాయిని అడగండి, ఎందుకు పెట్టుకున్నావని. సెకండియర్‌లో వెంటపడినవాడు ఒకడుంటాడు. ఫొటో ఎత్తుకెళ్లి ఫేక్ ఐడీ సృష్టించినవాడు ఇంకొకడు. పెళ్లి సంబంధం కుదరలేదన్న కోపంతో మెసేజ్‌లు పెట్టే దూరపు చుట్టం ఉంటాడు. ఆమె వేసుకున్న తాళం అమెరికా ప్రభుత్వాన్ని దృష్టిలో పెట్టుకుని వేసింది కాదు, వీళ్లను బయట ఉంచడానికి వేసింది. వీసా కావాలంటే ఆ తాళం తీయాలి. తీసిన రోజు ముందు వచ్చి చూసేది ఆఫీసరా, వాడా? ఒక్క ఫొటోతో అసభ్య వీడియోలు తయారుచేసి బెదిరించే రోజుల్లో ఉన్నాం మనం. భర్త హెచ్-1బి కాబట్టి హెచ్-4 మీద వెళ్తున్న అమ్మాయి విషయం మరీ అన్యాయం. ఉద్యోగం ఆమెది కాదు, పిటిషన్ ఆమెది కాదు, తలుపు మాత్రం ఆమెదీ తెరవాలి.

మరో సంగతి. ఎన్నాళ్లు పబ్లిక్‌గా ఉంచాలో ఆ ప్రకటనలో లేదు. వీసా వచ్చాక మళ్లీ లాక్ చేసుకోవచ్చా? వీసా ఉన్న 5.5 కోట్ల మందిని నిరంతరం పరిశీలిస్తూనే ఉంటామని విదేశాంగ శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. హెచ్-1బి మూడేళ్లు, పొడిగిస్తే ఆరేళ్లు. పేరుకే అది తాత్కాలిక వీసా.

అసలు దొరికేది ఎవరు?

సోషల్ మీడియా తనిఖీకి ఊపు తెచ్చిన ఘటన 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో జరిగింది. భార్యాభర్తలిద్దరు కాల్పులు జరిపి 14 మందిని చంపారు. భార్య తష్ఫీన్ మాలిక్ అమెరికా వచ్చింది కాబోయే భార్య హోదాలో ఇచ్చే వీసా మీద. ఆమె జిహాద్ గురించి సోషల్ మీడియాలో బహిరంగంగా రాసిందనీ, వీసా ఇచ్చినవాళ్లు అది చూడలేదనీ మొదట వార్తలొచ్చాయి. దేశమంతా భగ్గుమంది. తర్వాత కొద్ది రోజులకే ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ ఆ మాట సరికాదన్నారు. అవి ఇద్దరి మధ్య నడిచిన ప్రైవేట్ మెసేజ్‌లు.

అంటే ఆమె ప్రొఫైల్ పూర్తిగా పబ్లిక్‌లో ఉన్నా ఆ మాటలు కనిపించేవి కావు. అయినా కథ మాత్రం ‘పోస్టులు చూసి ఉంటే ఆపేవాళ్లం’ అనే స్థిరపడిపోయింది. ఆ తర్వాత హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కొన్ని పైలట్ ప్రాజెక్టులు నడిపింది. అవి పనిచేశాయో లేదో తేల్చే కొలమానాలే సరిగ్గా పెట్టుకోలేదని ఆ శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే 2017 ఫిబ్రవరిలో రిపోర్టు ఇచ్చారు. బాంబు పెట్టాలనుకున్నవాడు దాన్ని ఇన్‌స్టా రీల్‌లో పెట్టడు. వాడు ఇంకో పేరుతో ఇంకో చోట ఉంటాడు. నిజాయితీగా ఐదు ఐడీలూ రాసేది వరంగల్ నుంచో భీమవరం నుంచో వెళ్లే మీలాంటివాళ్లే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటే ఇల్లు కాలుతుంది, ఎలుకలు పక్కింటికి పోతాయి.

ఇక ఏం వెతుకుతారన్నది ఇంకా చిక్కు ప్రశ్న. అమెరికా పౌరుల మీద, సంస్కృతి మీద, ప్రభుత్వం మీద, సంస్థల మీద, దేశ మూల సూత్రాల మీద శత్రుభావం ఉందా అని చూడమని విద్యార్థి వీసాల విషయంలో కాన్సులేట్లకు ఆదేశం వెళ్లినట్టు వార్తలొచ్చాయి. శత్రుభావం అంటే ఏమిటి? యుద్ధం మీద పెట్టిన కోపం పోస్టా? ట్రంప్ మీద వేసిన మీమా? ఆ మీమ్‌లు అక్కడి పౌరులే రోజుకు లక్షల కొద్దీ వేస్తారు.

2025 డిసెంబర్‌లో రాయిటర్స్ బయటపెట్టిన మరో ఆదేశం చూశాక నాకు వెంటనే హైటెక్ సిటీ గుర్తొచ్చింది. హెచ్-1బి దరఖాస్తుదారుల రెజ్యూమెలు, లింక్డిన్ ప్రొఫైళ్లు చూసి, కంటెంట్ మోడరేషన్, ఫ్యాక్ట్ చెకింగ్, ఆన్‌లైన్ సేఫ్టీ లాంటి పనులు చేసినవాళ్లను ప్రత్యేకంగా పరిశీలించమని అందులో ఉంది. అమెరికన్ల వాక్ స్వేచ్ఛను సెన్సార్ చేయడంలో పాలుపంచుకున్నారేమో చూడాలట. మన హైదరాబాద్‌లో డిగ్రీ అయిపోయి వేరే ఉద్యోగం దొరక్క కంటెంట్ మోడరేటర్లుగా చేరినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నైట్ షిఫ్ట్‌లో కూర్చుని ఆత్మహత్యల వీడియోలు, పసిపిల్లల మీద అఘాయిత్యాల వీడియోలు చూసి తొలగించే పని అది. వాళ్లకు పాలసీ రాసే అధికారం లేదు, టార్గెట్లు మాత్రం ఉంటాయి. ఆ రెండేళ్ల అనుభవం రేపు వీసా కిటికీ దగ్గర అనుమానానికి కారణం కావచ్చు. భద్రతకూ దీనికీ సంబంధం ఏమిటో నాకైతే కనిపించలేదు. భద్రత కోసం తెచ్చిన పరికరం రాజకీయ ఇష్టాయిష్టాల వైపు ఎంత సులువుగా జారుతుందో కనిపించింది.

పోనీ, తప్పుగా అర్థం చేసుకుని వీసా నిరాకరిస్తే అడిగేందుకు చోటుందా? విదేశంలో ఉన్న దరఖాస్తుదారుడికి కాన్సులర్ ఆఫీసరు నిర్ణయం మీద అమెరికా కోర్టుకు వెళ్లే దారి దాదాపు లేదు. ప్రభుత్వం దగ్గరున్న వ్యక్తిగత సమాచారం మీద హక్కులిచ్చే వాళ్ల 1974 నాటి ప్రైవసీ చట్టం పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. మనం ఆ గొడుగు బయటే తడుస్తాం. అమెరికాలో ఉన్నవాళ్లు కోర్టుకు వెళ్లగలిగితే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో చూశాం. విద్యార్థుల పేర్లను పోలీసు రికార్డుల డేటాబేస్‌తో పోల్చి, వేల మంది సెవిస్ రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేశారు. వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లున్నారు, ట్రాఫిక్ తప్పులు తప్ప ఇంకేం లేనివాళ్లున్నారు. భారతీయులు చాలామందే. దేశమంతటా కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకు రికార్డులు పునరుద్ధరించడం మొదలుపెట్టారు. మెషీన్ పేర్లు కలిపింది, మనిషి సరిచూడలేదు. రేపు మీ పోస్టులు చదివేటప్పుడు తెలుగు వెటకారం ఏ ట్రాన్స్‌లేషన్ సాఫ్ట్‌వేర్‌కు అర్థమవుతుంది చెప్పండి! ‘వాణ్ణి చంపేయాలి రా బాబూ, ఏం ఇంటర్వెల్ బ్యాంగ్ ఇచ్చాడు’ అని డైరెక్టర్ గురించి రాసింది ఇంగ్లిష్‌లోకి ఎలా వెళ్తుంది?

ఎయిర్‌పోర్టులో ఫోన్ తనిఖీ గురించి భయపడుతూ నాకు మెయిల్స్ రాసేవాళ్లు చాలామంది. అది నిజమే గానీ ఈ భయం కాస్త ఎక్కువ. 2024 ఆర్థిక సంవత్సరంలో కోట్లాది ప్రయాణికుల్లో దాదాపు 47 వేల పరికరాలను చూశారు. అరెస్టయిన మనిషి ఫోన్ చూడాలన్నా వారెంట్ కావాలని 2014లో రైలీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఉన్నా, సరిహద్దు దగ్గర ఆ కవచం పనిచేయదు. ఫోన్ తెరవనంటే పౌరుణ్ని లోపలికి రానివ్వక తప్పదు. మిమ్మల్ని తిరుగు విమానం ఎక్కించవచ్చు. తేడా అంతే.

మన ఇంటి సంగతి కూడా

అమెరికాను అనే ముందు మనవైపూ చూసుకోవాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగ్గ మేరకే ఉండాలి అన్న కొలబద్దను ఆ కేసులోనే ఇచ్చారు. నాలుగేళ్లు తిరిగాక, 2021 అక్టోబర్‌లో, హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బైకులాపి, కుర్రాళ్ల వాట్సాప్‌లో ‘గంజా’ అని టైప్ చేసి వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. అప్పుడూ ఫోన్ ఇచ్చినవాళ్లంతా ‘మన దగ్గర ఏముందిలే’ అనుకునే ఇచ్చి ఉంటారు. ఆ తీర్పు అమెరికాను కట్టిపడేయదు, నిజమే. కానీ ‘తగ్గ మేరకే’ అన్న ఆ ఒక్క మాట ఎక్కడైనా అడగొచ్చు. మన ప్రభుత్వం లక్ష డాలర్ల ఫీజు గురించి మాట్లాడినట్టే దీని గురించీ మాట్లాడాలి. ప్రొఫైల్‌ను లోకానికంతా తెరవకుండా ఆఫీసరుకు మాత్రమే, నిర్ణీత గడువు వరకు చూపించే దారి ఇవ్వండని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. సాంకేతికంగా అది ఒక ఫాలో రిక్వెస్ట్ అంత పని.

ఇంకా దగ్గరికి వద్దాం. అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల కన్సల్టెన్సీకి మీరు ఏమేం ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి. పాస్‌పోర్టు స్కాన్, ఆధార్, పాన్, నాన్నగారి ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి విలువ సర్టిఫికెట్. అన్నీ వాట్సాప్‌లో, ఎవరో కౌన్సెలర్ పర్సనల్ నంబర్‌కు. అప్లికేషన్లు పెట్టడానికని ఈమెయిల్ కూడా వాళ్లే క్రియేట్ చేసి, పాస్‌వర్డ్ వాళ్లే పెడతారు. కొందరికి లింక్డిన్ ప్రొఫైల్ కూడా వాళ్లే తయారుచేస్తారు, లేని మూడేళ్ల అనుభవంతో సహా. ఇప్పుడు ఆ ప్రొఫైల్‌ను ఆఫీసరు తెరిచి డీఎస్-160తో పక్కపక్కన పెట్టి చదువుతాడు. సంతకం మీది, అబద్ధం కూడా మీ ఖాతాలోనే పడుతుంది. తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా చట్టం ప్రకారం శాశ్వత అనర్హత రావచ్చు. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్‌టన్ నకిలీ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుందా? ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని పెట్టిన యూనివర్సిటీ అది. వందమందికి పైగా మన విద్యార్థులను పట్టుకున్నారు. కమీషన్లకు అందులో చేర్పించిన 8 మంది మీద కేసు పెట్టారు. ఆ రిక్రూటర్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు. సంస్థల మీద ముఖ్యమైన బాధ్యతలు పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి 2027 అవుతుంది. అప్పటిదాకా మీ జాగ్రత్తే మీకు చట్టం.

దరఖాస్తు చేయబోతుంటే ఇవి చూసుకోండి. ఫారం మీరే నింపండి, కనీసం సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ మీరే చదివి కాపీ దాచుకోండి. కంగారుపడి ఖాతాలు డిలీట్ చేయొద్దు. ప్రశ్న ఐదేళ్లలో ‘వాడిన’ ఖాతాల గురించి కాబట్టి తీసేసినదాన్నీ రాయాల్సిందే. ఫారం పాస్‌వర్డ్ అడగదు, అడిగినవాడు ఎవడైనా సరే మోసగాడు. పబ్లిక్ చేసే ముందు ఫోన్ నంబరు, పుట్టినతేదీ, ఇంటి అడ్రసు ప్రొఫైల్ నుంచి తీసేయండి. అది దాపరికం కిందికి రాదు. మీ ఆల్బమ్‌లో అక్క పెళ్లి ఫొటోలు, స్నేహితురాళ్ల ఫొటోలు ఉంటే వాళ్లను ఒక మాట అడగండి, వాళ్లేమీ వీసాకు అప్లై చేయలేదు కదా. రెజ్యూమె, లింక్డిన్, ఫారం మూడింట్లో తేదీలు ఒకటేనా అని చూడండి. సెలవుల్లో ఇండియా వచ్చి స్టాంపింగ్ చేయించుకుందాం అనుకునే సీనియర్లుంటే 2025 డిసెంబర్ గుర్తుచేయండి. కొత్త తనిఖీ మొదలవుతుందని అపాయింట్‌మెంట్లను నెలల తరబడి వెనక్కి జరిపితే, పెళ్లిళ్లకని వచ్చినవాళ్లు ఉద్యోగం అక్కడ, తామిక్కడ అయి ఇరుక్కుపోయారు.

ఇప్పటికే కన్సల్టెన్సీలో చేరి ఉంటే మాత్రం ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆ ఈమెయిల్ తెరవండి. పాస్‌వర్డ్ మార్చండి. సెట్టింగ్స్‌లో రికవరీ ఫోన్ నంబర్ ఎవరిదో చూడండి. మీది కాకపోతే ఇప్పుడే మార్చేయండి.